తెగిన తల

ఫ్రిస్కోలో మేం ఇల్లు కొన్న రెండో వేసవిలో జరిగింది ఇది. 2008 ప్రాంతం. మా ఇంటి వెనక ఫెన్స్ దాటితే అప్పటికింకా బీడు భూమే. ఆ ఏడు కొత్త ఇళ్ల కోసం దాన్ని చదును చేయడం మొదలుపెట్టారు. బుల్డోజర్లు కదిలిన రోజు నుంచి అందులో బతికేవన్నీ మావైపు రాసాగాయి. మొదట ఎలుకలు, తర్వాత కుందేళ్లు.

మామగారు ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. సర్వేయరుగా ముప్ఫై ఏళ్లు పొలాల గట్ల వెంట తిరిగిన మనిషి. ఇక్కడ పగలంతా ఆయనకు తోడు మా కుక్కే. నాలుగేళ్ల చాక్లెట్ రంగు లాబ్రడార్. వచ్చిన కొత్తలో దాన్ని వంటింటి ఛాయలకు రానివ్వని ఆయన, నెల తిరిగేసరికి పెరుగన్నంలో ఆఖరి ముద్ద దానికే దాచిపెట్టేవారు.

ఆ శనివారం మావారు ఆఫీసుకి వెళ్లారు. ఎండ బాగా ఎక్కాక బ్యాక్‌యార్డ్‌లోంచి మామగారి గొంతు వినిపించింది. కేక కాదు, చాలా నెమ్మదిగా.

"అమ్మాయీ, కుక్కని లోపలికి పిలువు."

పిలిచి, తలుపు వేసి, అద్దంలోంచి చూశాను. గులాబీ మొక్కల కింద పరిచిన చెక్కపొట్టులో ఎండుటాకుల రంగు పాము. ఒంటి మీద వరసగా డమరుకాల్లాంటి పట్టెలు. కాపర్‌హెడ్, ఇక్కడి విషప్పాము. మామగారి చేతిలో గోంగూర మడికి తవ్వుతున్న పార ఉంది. ఒక్కటే దెబ్బ. తల ఒకవైపు, మొండెం ఒకవైపు.

"అయిపోయిందమ్మా. ఇంక భయం లేదు" అన్నారు, నుదురు తుడుచుకుంటూ.

మొండెం మాత్రం అయిపోలేదు. పారతో ఎత్తబోతే కర్రకి మెల్లగా చుట్టుకుంది, తల లేకుండానే. బకెట్‌లో విదిలించి మూత పెట్టాం. లోపల ప్లాస్టిక్‌కి రాసుకుంటున్న చప్పుడు వస్తూనే ఉంది. మా ఇద్దరి దృష్టీ ఆ చప్పుడు మీదే. తల సంగతి ఎవరికీ తట్టలేదు.

పావుగంట తర్వాత కుక్క తలుపు గీరితే తెరిచాను. అది నేరుగా గులాబీల దగ్గరికి వెళ్లి, ముక్కు నేలకి ఆనించింది. అరవలేదు. ఒక్కసారి వెనక్కి గెంతి తల విదిలించింది. దాని పైపెదవికి ఏదో వేలాడుతోంది. నాకు ఆకులా కనిపించింది. రెండోసారి విదిలించినప్పుడు అది ఊడి ఎటో ఎగిరిపోయింది. అప్పటికిగాని అది పాము తల అని నాకు అర్థం కాలేదు.

"చచ్చింది కదమ్మా అది. నేనే కదా చంపాను" అన్నారు మామగారు. ఆ మాటే మళ్లీ మళ్లీ అంటూ, భుజం మీది తువ్వాలు చింపి కట్టు కట్టబోయారు. మూతి మీద కాటుకి కట్టు ఎక్కడ కడతారు? బ్లేడు తెమ్మన్నారు. నేను అప్పటికే మా కుక్కని చూసే డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నాను.

"కోయకండి, కట్టకండి, ఐస్ పెట్టకండి," అందామె గబగబా. "మెడకి కాలర్ ఉంటే తీసేయండి, వాపు కిందికి దిగుతుంది. నడిపించకండి. ఎత్తుకుని రండి."

డెబ్బై ఏళ్ల మనిషి ముప్ఫై కిలోల కుక్కని ఎత్తుకుని కార్‌లో కూర్చున్నారు. నేను డ్రైవ్ చేస్తూ అద్దంలో చూస్తున్నాను. ప్రతి సిగ్నల్ దగ్గరా దాని మొహం ఇంకొంచెం మారిపోతోంది. ఒక కన్ను మూసుకుపోయింది. తెరిచి ఉన్న కన్ను మాత్రం మామగారినే చూస్తోంది.

డాక్టర్ దాన్ని లోపలికి తీసుకుని విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాక బయటికి వచ్చి, జరిగింది విన్నది. ఆశ్చర్యపోలేదు.

"తెగిన తలలో చాలాసేపు ప్రాణం ఉన్నట్టే లెక్క. కరుస్తున్నానని దానికి తెలియదు. ఏది తగిలినా దవడ పట్టేస్తుంది, అంతే."

మామగారి కోసం తెలుగులో చెప్పాను.  ఆయన తన చేతులు చూసుకుంటూ అన్నారు.

"పొలాల్లో ఎన్నిటినో కొట్టి అక్కడే వదిలేసి వచ్చేవాణ్ణమ్మా. గట్ల మీద జనం చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు."



సాయంత్రం మావారు వచ్చి, గ్లోవ్స్ తొడుక్కుని, చెక్కపొట్టంతా పళ్లున్న రేక్‌తో తిరగేశారు. తల దొరకలేదు. మర్నాడు వెలుగులో ముగ్గురం వెతికాం. ఫెన్స్ వరకూ, గోంగూర మడి లోపల, ఆరుబయట వండుకునే గ్రిల్ కింద. ఏ పక్షో ఎత్తుకుపోయి ఉంటుందన్నారు మావారు. 

కుక్క రెండు రాత్రులు క్లినిక్‌లో ఉండి మూడో రోజు ఇంటికి వచ్చింది. పైపెదవిలో చిన్న ముక్క నల్లబడి రాలిపోయింది. దాంతో ఆ పక్క ఒక పన్ను ఎప్పుడూ బయటికే కనిపించేది, నిద్రలో కూడా. కొత్తవాళ్లు అది కోపంగా ఉందనుకునేవారు. ఆ తర్వాత ఆరేళ్లు హాయిగా బతికింది.

మామగారు ప్రయాణమయ్యేదాకా మళ్లీ ఆ మడిలో కాలు పెట్టలేదు. గోంగూర నిలువెత్తు పెరిగి, పూసి, ముదిరిపోయింది. మేమెవరమూ కోయలేదు.