ఐ.ఎస్.డి.ఎన్. లైనూ, మాట్లాడని మనిషీ

ఇంటర్నెట్ పెట్టమని ఉద్యోగంలోకి తీసుకుంటే, అది పెట్టకుండా, ఒక రిటైర్డ్ నర్సు చేత గొంతు బొంగురుపోయేదాకా ఓదార్పు మాటలు చెప్పించి, యజమాని చేత సొంత ఆఫీసుకే బెదిరింపు ఫోన్ చేయించిన ఘనుడు బెంగళూరు మొత్తమ్మీద ఒక్కడే ఉండాలి. ఇద్దరున్నారని ఎవరైనా అంటే ఆ రెండోవాడిని నాకు చూపించండి, కాఫీ ఇప్పిస్తాను. మొదటివాడిని వెతకనక్కర్లేదు. ఈ ముక్కలు రాస్తున్నది వాడే.

తొంభైల చివరి మాట. బెంగళూరు శివార్లలోని హూడిలో ఒక హార్డ్‌వేర్ దుకాణం మీద మా ఆఫీసు ఉండేది. కింద సిమెంటు బస్తాలు దించుతుంటే పైన మా కీబోర్డులు తుమ్మేవి. విదేశాల్లో డాక్టర్లు రోగులను చూసి ఏదో గొణుగుతారు. ఆ గొణుగుడు ఫైళ్ళుగా ఇంటర్నెట్ మీద మాకొస్తుంది. మా వాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విని, టైపు చేసి తిరిగి పంపాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనేవారు దాన్ని.

యజమాని మునిరత్నం గారు. అంతకుముందు హొసకోటెలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. వాళ్ళ తాతల కాలం నుంచీ ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు. మామూలుగా ఉన్నప్పుడు కన్నడం కలిపిన తెలుగు, కోపం వస్తే అచ్చ తెలుగు. ఆయన తెలుగు స్వచ్ఛంగా వినిపిస్తే మేం తలలు వంచుకుని పనిలో పడేవాళ్ళం.

టైపు చేసినవాటిలో జబ్బుల పేర్లు, మందుల పేర్లు దిద్దడానికి గ్రేస్ సిస్టర్ ఉండేవారు. ఒంగోలు వైపు ఆవిడ. జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పొద్దున రాగానే కళ్ళజోడు పెట్టెను బల్ల మీద పెట్టి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థించి, ఎర్ర పెన్ను తీసేవారు. ఆ తర్వాత ఆవిడ ప్రభువు దయ చూపినంతగా ఆవిడ పెన్ను చూపేది కాదు.

ఇక నేను. కదిరి నుంచి కంప్యూటర్ డిప్లొమా, రెండు చొక్కాలు, అపారమైన ఆత్మవిశ్వాసం పట్టుకుని దిగాను. ఇంటర్వ్యూలో మునిరత్నం గారు ఒక్కటే ప్రశ్న వేశారు.

"ఐ.ఎస్.డి.ఎన్. తెలుసునా అప్పా?"

"తెలుసు సార్."

నాకు దాని పూర్తి పేరు తెలుసు. ఒక మనిషి పూర్తి పేరు తెలిస్తే ఆ మనిషి తెలిసినట్టేనని అప్పట్లో నా అభిప్రాయం.

విషయం ఏమిటంటే, మా పాత టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ ఈడ్చుకుంటూ నడిచేది. ఒక్క ఫైలు దిగేలోపు ఆ రోగి కోలుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడేమో. అందుకే మునిరత్నం గారు టెలిఫోన్ వాళ్ళ వెంటపడి ఐ.ఎస్.డి.ఎన్. అనే కొత్త రకం లైను వేయించారు. దాని గొప్ప ఏమిటంటే, ఉన్నది ఒకే తీగ అయినా, దాని మీద ఒకేసారి రెండు కాల్స్ నడుస్తాయి. ఒకదాని మీద ఇంటర్నెట్, రెండోదాని మీద మాటలు. ఆ వారం శుక్రవారంలోగా ఒక విదేశీ ఆసుపత్రి పంపే నమూనా ఫైళ్ళు దించుకుని, టైపు చేసి పంపితే పనంతా మాకే. పంపకపోతే పక్కవాళ్ళకు. అప్పుడు ఆఫీసు ఉండదు, నా ఉద్యోగం అంతకంటే ముందే ఉండదు.

సోమవారం పొద్దున, ఆ లైనును కంప్యూటర్‌కు కలిపే టెర్మినల్ అడాప్టర్ వచ్చింది. చపాతీల డబ్బా అంత పెట్టె. ముందు వరసగా దీపాలు, వెనక వరసగా రంధ్రాలు. గోడ మీది లైను నుంచి ఒక తీగ దానికి, దాని నుంచి ఒక తీగ కంప్యూటర్‌కు. ఇంకో రంధ్రంలో మామూలు టెలిఫోన్ పెట్టుకోవచ్చు. ఆ టెలిఫోన్‌ను గ్రేస్ సిస్టర్ బల్ల మీద పెట్టాను. పెట్టెతోపాటు వచ్చిన, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాన్ని, బల్ల కాలు ఎగుడుదిగుడుగా ఉంటే దాని కింద పెట్టాను.

దీపాలు వెలిగాయి. మునిరత్నం గారు పెట్టెకు కుంకుమ పెట్టారు. కంప్యూటర్ తెర మీద ఒక గడి వచ్చి 'ఫోన్ నంబర్?' అని అడిగింది. ఎవరైనా మన ఫోన్ నంబర్ అడిగితే ఏం చెబుతాం? కొత్త లైను నంబరు కొట్టాను. కింద ఇంకేవో అడిగితే అన్నిటికీ 'ఓకే' నొక్కాను. కనెక్ట్ అనే బొత్తాం కూడా నొక్కాను.

'లైన్ బిజీ' అంది.

మళ్ళీ నొక్కాను. బిజీ. మధ్యాహ్నం అన్నం తినొచ్చి నొక్కాను. బిజీ.

"ఏమప్పా, ఏమి చెప్తా ఉండాది?" అన్నారు మునిరత్నం గారు.

"ఊరంతా ఇంటర్నెట్ మీదే ఉన్నట్టున్నారు సార్."

"అవునా? మన హూడిలో కూడా?"

"హూడి సంగతి తెలీదు సార్, పక్కనున్న మహదేవపుర వాళ్ళే ఎక్కువ వాడుతున్నట్టున్నారు."

ఆయన కిటికీలోంచి మహదేవపుర ఉన్న దిక్కు కేసి కోపంగా చూశారు.

మంగళవారం సెట్టింగులన్నీ కెలికాను. 'కాల్ రకం' అని ఒకటి కనిపించింది. డేటా, వాయిస్ అని రెండు ఎంపికలు. డేటా మీద ఉంది. టెలిఫోన్ లైనన్నాక వాయిస్ ఉండాలి కదా అని మార్చి, కనెక్ట్ నొక్కాను. సరిగ్గా అదే క్షణంలో గ్రేస్ సిస్టర్ బల్ల మీద కొత్త ఫోన్ మోగింది.

"సిస్టరమ్మా, ఎత్తండి! కొత్త లైనుకు మొదటి ఫోను!" అన్నారు మునిరత్నం గారు, బోణీ అయినంత సంబరంగా.

సిస్టర్ ఎత్తారు. అటు ఆవిడ "హలో" అన్నారో లేదో, ఇటు నా తెర మీద 'కనెక్ట్ అయింది' అని పడింది. కుర్చీలోంచి ఎగిరాను.

"సార్! కలిసింది!"

"హలో... హలో... ఎవరండీ?" సిస్టర్ అడుగుతూనే ఉన్నారు. "ఎవరూ మాట్లాడట్లేదండీ. సొయ్యిమని చప్పుడు వస్తోంది." ఆవిడ పెట్టేశారు. నా తెర మీద కనెక్షన్ తెగిపోయింది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆ ఫోన్ మోగింది. సిస్టర్ ఎత్తారు, కలిసింది. సిస్టర్ పెట్టేశారు, తెగింది. నాలుగైదుసార్లు ఇదే తంతు. నేను పని మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవడో పనిలేనివాడు ఫోన్ చేసి చెడగొడుతున్నాడు!

"ఎవుడప్పా వాడు? ఈ నంబరు నాకే ఇంకా నోటికి రాలేదు. వాడికెట్ల దొరికె?" అన్నారు మునిరత్నం గారు.

చాలా మంచి ప్రశ్న. మామూలు బుర్ర ఉన్న వాడెవడైనా అక్కడ ఆగి ఆలోచించేవాడు. నాది డిప్లొమా బుర్ర. అది ఆగలేదు, ఒక సిద్ధాంతం కనిపెట్టింది.

"సార్, గమనించారా? సిస్టర్ ఆ ఫోన్లో మాట్లాడినంతసేపూ మన ఇంటర్నెట్ కలిసే ఉంటోంది. ఈ లైనుకు రెండు దారులు కదా. ఒక దారి వాడుకలో ఉంటేగానీ రెండో దారి వేడెక్కదు. వాడెవడో గానీ దేవుడిలా చేస్తున్నాడు. సిస్టర్ వాడిని కాసేపు మాటల్లో పెడితే చాలు, ఫైళ్ళు దించేస్తాను."

"నేనేం మాట్లాడేది బాబూ? వాడు నోరు విప్పడే!"

"మీరు మాట్లాడండి సిస్టర్. వాడు వింటాడు."

సిస్టర్ రిసీవర్‌ను చెవికి గట్టిగా ఆనించుకుని చాలాసేపు విన్నారు. ఆవిడ ముఖం మెత్తబడింది. చేత్తో రిసీవర్ మూసి, మాతో గుసగుసగా అన్నారు:

"ఎవరో ఏడుస్తున్నారండీ. ఊపిరి బిగబట్టి ఏడుస్తున్నారు. వార్డులో ఇలాంటి ఏడుపు ఎన్నిసార్లు విన్నానో!"

ఇక చూడండి. ఆ రోజంతా, మర్నాడంతా, నేను బొత్తాం నొక్కడం, ఫోన్ మోగడం, సిస్టర్ ఎత్తడం.

"బాబూ, మళ్ళీ నువ్వేనా? భయపడకు. ఉన్నాను. అన్నం తిన్నావా? ... చెప్పలేకపోతే చెప్పొద్దులే. ... తాగుడు గానీ ఉందా నాయనా? ఉంటే మానెయ్. ... ఇంట్లో వాళ్ళతో పోట్లాడావా? వాళ్ళూ నీ మంచికే చెబుతారు బాబూ. ..."

నా తెర మీద 'కనెక్ట్ అయింది, పాస్‌వర్డ్ సరిచూస్తున్నాం' అని కాసేపు తిరిగేది. తర్వాత తెగిపోయేది.

"ఇంకొంచెం సేపు సిస్టర్! పాస్‌వర్డ్ దాకా వచ్చింది!"

"పాపం, వాడే పెట్టేస్తున్నాడు బాబూ. సిగ్గుపడుతున్నట్టున్నాడు."

టైపు చేసే అమ్మాయిలు హెడ్‌ఫోన్లు తీసేసి సిస్టర్ మాటలే వినసాగారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. బుధవారం సాయంత్రానికి సిస్టర్ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. వేడినీళ్ళలో ఉప్పు వేసుకుని పుక్కిలించి, మళ్ళీ ఎత్తారు.

మునిరత్నం గారికి మాత్రం ఓపిక అయిపోయింది. శుక్రవారం దగ్గరపడింది, ఒక్క ఫైలూ దిగలేదు.

"చాలప్పా! వాడు ఏడ్చేదీ లేదు, మన్నూ లేదు. మన పని చెడగొట్టేదానికి ఎవుడో పోటీవాడు చేయిస్తా ఉండాడు. పట్టిస్తా చూడు!"

టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్ళి, కొత్త లైనుకు దొంగ ఫోన్లు వస్తున్నాయని ఫిర్యాదు ఇచ్చి వచ్చారు. గురువారం మధ్యాహ్నం పాత ఫోన్‌కు అక్కడి నుంచి ఒక ఇంజినీరమ్మ చేసింది. మునిరత్నం గారు చెవికి రిసీవర్ ఆనించుకుని మమ్మల్నందరినీ నిశ్శబ్దంగా ఉండమని సైగ చేశారు.

"సిక్తా మేడం? దొరికాడా? నంబరు హేళి, చెప్పండి! ... సుధాకరా, రాసుకోప్పా!"

సుధాకర్ నేనే. ఆయన ఒక్కో అంకే పలుకుతున్నారు, నేను రాస్తున్నాను.

"మన పక్క నంబరే! దొంగ ఈడనే, హూడిలోనే ఉండాడు!" ఆయన ఉత్సాహం ఆపుకోలేకపోయారు. నాలుగో అంకె దగ్గర నా చెయ్యి కాస్త నెమ్మదించింది. అయిదో అంకె దగ్గర చెమట పట్టింది. చివరి రెండూ ఆయన చెప్పకముందే రాసేశాను. సోమవారం నేను నా చేతులతో ఆ గడిలో కొట్టిన నంబరది. ఆఫీసులో అది నోటికొచ్చినవాడిని నేనొక్కడినే.

"సార్, ఒక్క నిమిషం..."

"నిమిషం లేదు, గిమిషం లేదు!" అటు మేడం ఇంకేదో చెబుతున్నా వినకుండా ఫోన్ పెట్టేసి, ఆయన నా చేతిలోంచి కాగితం లాక్కుని, పాత ఫోన్ మీద ఆ నంబరు తిప్పారు. అచ్చ తెలుగు బయటికి వస్తోంది. "ఈ రోజు వాడి వంశం గురించి వాడికి నేను చెబుతాను!"

గది అవతల, గ్రేస్ సిస్టర్ బల్ల మీద కొత్త ఫోన్ మోగింది.

"ఎత్తొద్దండీ సిస్టరమ్మా! నేను వాడికే చేస్తున్నాను!"

కానీ సిస్టర్‌కు ఆ ఫోన్ మోగితే ఎత్తడం అలవాటైపోయింది. ఎత్తి, బొంగురు గొంతుతో, ఎంతో ప్రేమగా అన్నారు:

"వచ్చావా బాబూ! నీకోసమే చూస్తున్నాను."

మునిరత్నం గారు ఉలిక్కిపడి, అంతలోనే సర్దుకున్నారు.

"ఎవరే నువ్వు? ఆడమనిషివై ఉండి సిగ్గు లేదా? మా ఆఫీసుకు ఎందుకు చేస్తున్నావు?"

సిస్టర్ ముఖం వెలిగిపోయింది. రిసీవర్ మూసి, గది అంతటికీ వినిపించేలా అరిచారు: "మాట్లాడాడండీ! మాట్లాడాడు! నోరు తెరిచాడు!" మళ్ళీ ఫోన్‌లోకి, "అరుచుకో నాయనా, అరిస్తే బరువు దిగుతుంది!"

"అరవడమేమిటి, పోలీసుల్నే పిలుస్తాను!"

"పిలువు బాబూ, ఎవరినైనా పిలువు. ఒంటరిగా మాత్రం ఉండకు!"

ఇద్దరూ చెరో గోడకు ముఖం పెట్టుకుని అరుచుకుంటున్నారు. టైపు అమ్మాయిలు ఇటొకసారి, అటొకసారి తలలు తిప్పుతున్నారు. ఇంక భరించలేక నేను మధ్యకు వెళ్ళి, చేతులు జోడించి నిలబడ్డాను.

"సార్, పెట్టేయండి. సిస్టర్, మీరూ పెట్టేయండి. మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు."

కింద దుకాణంలో మేకులు తూకం వేస్తున్న చప్పుడు పైదాకా వినిపించింది. విషయం చెప్పాను. కంప్యూటర్ ఫోన్ నంబర్ అడిగితే ఇంటర్నెట్ కంపెనీ నంబరు ఇవ్వాలి. నేను మన నంబరే ఇచ్చాను. కాబట్టి అది మనకే ఫోన్ చేస్తూ వచ్చింది. డేటా మీద ఉన్నప్పుడు, ఎత్తాల్సిన కంప్యూటరే ఫోన్ చేస్తోంది కాబట్టి బిజీ; వాయిస్‌కు మార్చాక సిస్టర్ ఫోన్ మోగింది. సిస్టర్ ఎత్తితే కలిసినట్టు, పెట్టేస్తే తెగినట్టు. సొయ్యిమన్నది ఏడుపు కాదు, మన కంప్యూటర్ పాస్‌వర్డ్ చెప్పుకుంటున్న చప్పుడు.

మునిరత్నం గారు కుర్చీలో కూర్చున్నారు. ఏ భాషలో తిట్టాలో ఆయనకు తేలలేదు. చివరికి, "నంబరు మార్చప్పా," అన్నారు నీరసంగా.

కంపెనీ నంబరు కొట్టి, వాయిస్‌ను మళ్ళీ డేటాకు మార్చాను. నొక్కి రెప్ప వేసేలోపు కలిసింది. ఏ ఫోనూ మోగలేదు. ఫైళ్ళు బిలబిలమంటూ దిగాయి. అమ్మాయిలు ఆ రోజూ మర్నాడూ తలెత్తకుండా టైపు చేశారు, సిస్టర్ ఎర్ర పెన్ను ఆపలేదు. శుక్రవారం సాయంత్రానికి అన్నీ పంపేశాం. పని మాకే వచ్చింది. నా ఉద్యోగమూ, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు గానీ, మిగిలింది.

ఆ సాయంత్రం సిస్టర్ దగ్గరికి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఓదార్చింది నిన్నేనన్నమాట."

"ఒక రకంగా అంతే సిస్టర్. క్షమించండి, మీ మాటలన్నీ వృథా చేశాను."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా, కొత్తగా వార్డులో చేరిన రోగిని చూసినట్టు చూశారు.

"వృథా ఎందుకవుతాయి బాబూ? తాగుడు సంగతి ఒక్కటి వదిలెయ్. మిగతావన్నీ నీకు అవసరమే."

ఆ మాట విని, కుంకుమ పెట్టిన ఆ పెట్టె మీద చెయ్యి వేసి, మునిరత్నం గారి ఎదుట, టైపు అమ్మాయిలందరి సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేశాను. పుస్తకం బల్ల కింద నుంచి తీయకుండా ఏ పెట్టెనూ ముట్టుకోను. జీవితంలో ఇంకెప్పుడూ నాకు నేను ఫోన్ చేసుకోను. ఒకవేళ పొరపాటున చేసుకున్నా, ఆ ఫోన్ ఎత్తను.