ఖాళీ గడులు

ఇర్మా హాల్వర్సన్ మా కౌంటీ, అంటే జిల్లా, ఆఫీసులో పందొమ్మిదేళ్లు డేటా పని చేసింది. మాది అమెరికాలో మిన్నెసోటా ఉత్తరపు కొస, చలికాలం ప్రాణాలు తీసే చోటు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల పేర్లు కంప్యూటర్లో ఒక టేబుల్లో, నర్సులు వెళ్లి చూసొచ్చిన తేదీలు ఇంకో టేబుల్లో ఉండేవి. ఇర్మా రెండూ కలిపి ప్రతి సోమవారం జాబితా తీసేది. అందులో అందరి పేర్లూ ఉండేవి, పక్కన నవంబరు ఒకటి తర్వాత నర్సు వెళ్లిన తేదీ. ఎవరూ వెళ్లకపోతే ఆ గడి ఖాళీ. నర్సులు ముందు ఆ ఇళ్లకే వెళ్లేవాళ్లు.

ఆ ఏడాది నర్సులు చాలక ఖాళీలు పెరిగిపోయాయి. పైవాళ్లతో చీవాట్లు తిన్న మేనేజరు డారెల్, ఇర్మా ఆ జాబితా కోసం రాసిన క్వెరీ, అంటే కంప్యూటరుకిచ్చే ఆదేశం, తెరిచి 'నవంబరు ఒకటి తర్వాత' అన్న తేదీ షరతును టేబుళ్లు కలిపే చోటునుంచి తీసి చివర పెట్టాడు.

"చూశారా, ఒక్క ఖాళీ లేదు! అందర్నీ చూసేసినట్టే."

"ఖాళీలు నిండలేదు డారెల్, ఆ మనుషులే జాబితాలోంచి పోయారు. తేదీ లేనివాళ్లని మీ షరతు గెంటేస్తుంది," అంది ఇర్మా.

"పేపరు శుభ్రంగా ఉంటే మీకేం బాధ?"

పక్క కుర్చీలో నేనున్నాను. అంతా విన్నాను.

జనవరిలో, చెరువు అవతల ఉండే వాల్టర్ నీమీ ఇంట్లో హీటరు ఆగిపోయింది. డిసెంబరులోనే పేరు నమోదైన మనిషి, నర్సు ఒక్కసారీ వెళ్లలేదు, అందుకే జాబితాలో ఆయన పేరే రాలేదు. తొమ్మిదో రోజున పోస్టుమాన్ కిటికీలోంచి చూశాడు. ఆయన ఒంటి మీద కోటుతోనే కుర్చీలో చనిపోయి ఉన్నాడు.

విచారణ జరిగింది. క్వెరీ పైన రాసినవారి పేరు ఇర్మాది. "ఆ పని ఆవిడదే," అన్నాడు డారెల్. షరతు మార్చిందెవరని నన్నడిగారు. ఆ నెలలోనే నా ప్రమోషన్ కాగితం డారెల్ బల్ల మీదుంది.

"నాకు సరిగ్గా గుర్తులేదండీ," అన్నాను.

ఇర్మాను నేలమాళిగలో పాత ఫైళ్లు స్కాన్ చేసే పనికి పంపారు. వెళ్లేముందు షరతును దాని పాత చోటికి మార్చి జాబితా తీసింది. నలభై ఒక్క పేర్లు తిరిగొచ్చాయి. ఆ సవరణకి డారెల్‌కి ప్రశంసాపత్రం ఇచ్చారు.

రెండేళ్లకి ఆమె రిటైరైంది. కేకు ముక్క పట్టుకుని దగ్గరికెళ్లాను.

"నీ మీద కోపం లేదులే అంటానని వచ్చావా?" అంది. "ఉంది."

ప్లేటు అందుకోకుండానే కోటు వేసుకుని వెళ్లిపోయింది.