పసుపు అంచు, ఆకుపచ్చ అంచు

మొన్న తార్నాకలో బ్యాంకుకు వెళితే, తెలుగులో రాసిచ్చిన నా పేరు ఉండాల్సిన చోట కంప్యూటరు తెరమీద వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. కౌంటరులోని అమ్మాయి నవ్వుతూ, "సిస్టమ్‌ల గట్లనే వస్తది అంకుల్, ఇంగ్లిష్‌ల రాసియ్యండి" అంది. ఒళ్లు మండింది. ఎందుకో మీ వయసువాళ్లకు చెబితేనే తెలుస్తుంది.

అరవైల చివర యూనివర్సిటీలో, అట్ట కార్డులకు చిల్లులు వేసి యంత్రానికి లెక్కలు అందించే గదిలో పనిచేసేవాణ్ణి. కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివి పని నేర్చుకున్నాను. ఆ యంత్రానికి ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప మరేమీ తెలియవు. అందుకని లైబ్రరీ జాబితా ఎక్కించేటప్పుడు తెలుగు, ఉర్దూ పుస్తకాలు వదిలేద్దామన్నారు మా ఆఫీసరు, అనంతపురం మనిషి. నాకూ, ముషీరాబాదు నుంచి సైకిలుమీద వచ్చే నా తోటి ఆపరేటరుకూ పౌరుషం పొడుచుకొచ్చింది. అక్షరానికి రెండంకెల చొప్పున నేను తెలుగుకూ, అతను ఉర్దూకూ సంకేతాలు కట్టాం. దసరాలోగా జాబితా తేకపోతే ఇంగ్లీషు పుస్తకాలతోనే సరిపెడతానని గడువు పెట్టారాయన.

ఇద్దరం వాడిన అంకెలు అవే. నాకు 'క' అయిన అంకె అతనికి ఇంకేదో. అందుకే నా కార్డుల అంచుకు పసుపు సిరా, అతని వాటికి ఆకుపచ్చ సిరా పూసి, విషయాల వారీగా అన్నీ కలిపి పేర్చుకున్నాం.

వానలకు కార్డులు చెమ్మగిల్లి యంత్రంలో ఇరుక్కోసాగాయి. నకలు తీసే యంత్రంలో వేసి అన్నింటినీ కొత్త కార్డులకు ఎక్కించి, పాతవి చిత్తుకు పంపేశాం. ఒక్క చిల్లూ తప్పిపోలేదు. రంగు మాత్రం రాలేదు. ఏది ఏ భాషో చెప్పే గుర్తే లేని తెల్లటి అంచులను ఇద్దరం అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, ఆఫీసరు తొంగిచూసి, "ఏమప్పా, ఖిచిడీ చేసి పెట్టినారే! గడువు గుర్తుండాదా?" అని వెళ్లిపోయారు.

"పరేషాన్ కాకు భాయ్," అన్నాడు నా నేస్తం. "నువ్వు చదువు. తెలుగైతే నీది, లేకుంటె నాది."

"ఇద్దరికీ అర్థం కాకపోతే?"

"గప్పుడు సార్‌ది!"

ఇక ప్రతి కార్డునూ నేను పైకి చదవడం, అది తుమ్మో దగ్గో అన్నట్టు వినిపిస్తే అతను నవ్వుతూ లాక్కుని ఉర్దూలో చదివి వినిపించడం. ఇరానీ చాయ్ చల్లారిపోయినా తెలిసేది కాదు, ఆ వానల్లోనే నేను ఉర్దూ అక్షరాలు, అతను తెలుగు గుణింతాలు పట్టేశాం. ఈసారి కార్డు తన భాష తానే చెప్పుకునేటట్టు, ప్రతిదానికీ మొదట్లోనే తెలుగుదైతే ఒక చోట, ఉర్దూదైతే మరో చోట చిల్లు వేశాం. దసరాకు ముందే జాబితా బల్లమీద పెడితే ఆఫీసరు మెచ్చుకోలేదు గానీ, కళ్లజోడు సవరించుకుని, ఏ అంకె ఏ అక్షరమో చెప్పే మా పట్టీ పక్కన పెట్టుకుని తెలుగు పేజీలే తిరగేస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ దానిదైన అంకె ఉందట. సంతోషమే, మేము కోరుకున్నదీ అదే. అప్పుడు యంత్రంలో చోటు లేదంటే మేము ఒప్పుకోలేదు. ఇప్పుడు యంత్రంలో చోటున్నా, మనుషులే ఇంగ్లీషులో రాసిమ్మంటున్నారు.

కాగితం తీసుకుని మళ్లీ తెలుగులోనే రాసిచ్చాను. నా నేస్తమే బతికి పక్కన ఉంటే, తెరమీది డబ్బాలను చూసి, "నీది కాదు, నాది కాదు, గిది సార్‌దే భాయ్" అనేవాడు.