దొర తొక్కిన మట్టి

అరబ్బు దేశపు మా కరక్ కొండల్లో ఉమ్ సలీబా నోటికి జడవని మనిషి లేడు. అసలు పేరు వద్‌హా. కొడుకు సలీబా పుట్టాక ఆ పేరు అందరూ మర్చిపోయారు, ఉమ్ సలీబా, అంటే సలీబా తల్లి, అనే పిలిచేవారు. మేక వెంట్రుకలతో నేసిన గుడారంలో పుట్టి, పెళ్లయ్యాకే రాతి గోడల మధ్య పడుకుంది. మొగుడు సైన్యంలో పనిచేసి, పింఛను మొదలైన కొన్నాళ్లకే పోయాడు. కొడుకు అకబా రేవుకి లారీ తోలుతాడు. ఇంట్లో ఎప్పుడూ ఆవిడొక్కతే. కానీ ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండేది. కారణం పెరట్లో ఉన్న తాబూన్. రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి అది, అత్తగారు కట్టింది. మా సందులో సగం ఇళ్ల రొట్టెలు అందులోనే కాలేవి. పిండి పళ్లేలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వచ్చేవారు, కబుర్లు చెప్పుకునేవారు, కొట్టుకునేవారు, రొట్టెలు పట్టుకుని వెళ్లేవారు.

ఆ ఇంట్లో ఇంకో వింత ఉంది. కొడుకు తనకి పెళ్లి కుదురుతుందేమోనని మేడ మీది గదికి కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి కట్టించాడు. పెళ్లి కుదర్లేదు. మా చర్చి ఫాదర్ అబూనా బూలోస్ కన్ను మాత్రం దాని మీద పడింది. అమెరికా నుంచి సేవకొచ్చే ముసలి దంపతులకు ఊళ్లో దిగడానికి ఆ గది తప్ప దిక్కు లేదు.

ఆ ఏడు ఈస్టర్ తర్వాత లాయిడ్, వెర్నా అనే జంట దిగారు. నెబ్రాస్కా వాళ్లు. ఆయన జీవిత బీమా అమ్మి రిటైరయ్యాడు, ఆవిడ బళ్లో పిల్లలకు పాటలు నేర్పేది. వారం రోజుల సేవ. నేను ఆడపిల్లల బళ్లో ఇంగ్లీషు చెప్తాను కాబట్టి వాళ్ల మాట వీళ్లకీ, వీళ్ల మాట వాళ్లకీ చేరవేసే పని నా నెత్తిన పడింది.

"మాకు ప్రత్యేకంగా ఏమీ వద్దు. మేం సేవ చేయడానికి వచ్చాం, చేయించుకోడానికి కాదు," అన్నాడు లాయిడ్ దిగగానే. నేను ఆ మాట చేరవేశాను.

"అయితే కోడిని కొయ్యనా, వద్దా? అది కనుక్కో ముందు," అంది ఉమ్ సలీబా.

కోశారు. ఆయన రెండు తొడలూ తిన్నాడు. పొద్దున్నే ఆయనకి పాలు కలపని కాఫీ, ఆవిడకి వేడినీళ్లలో నిమ్మకాయ, ఇద్దరికీ మెత్తటి దిళ్లు, ఫ్యాను. అన్నీ అమర్చి, సేవ అందుకోడానికి ఉమ్ సలీబా చేతులు కట్టుకుని నిలబడింది.

మొదటి సేవ చేతులు కడుక్కోవడం. వెర్నా సందులోని ఆడవాళ్లందర్నీ పెరట్లో చేర్చి, కుళాయి బారుగా తిప్పి, పుట్టినరోజు పాట మొత్తం రెండుసార్లు పాడేదాకా రుద్దాలని చూపించింది. అందరి చేతా రుద్దించింది. మా ఊరికి నీళ్లు వారానికోసారి వస్తాయి. మేడ మీది ట్యాంకు నింపుకున్నది మళ్లీ వారందాకా సరిపెట్టుకోవాలి. పాట పూర్తయ్యేసరికి ట్యాంకు బోలుగా మోగింది.

"ఏమే నుహా, పాట చాలా బాగుందని చెప్పు. మళ్లీ పాడాలంటే వాళ్లూరి నుంచి నీళ్లు మోసుకు రమ్మను," అంది ఉమ్ సలీబా నాతో.

"పాట నచ్చిందంటున్నారు," అన్నాను వెర్నాతో. ఆవిడ నన్ను కౌగిలించుకుంది.

తర్వాత మృత సముద్రం చూసొచ్చారు, పెట్రా చూసొచ్చారు. ప్రార్థనకు మనసు సిద్ధమవడానికని చెప్పారు. మనసు సిద్ధమై, ముక్కులు ఎర్రగా కాలి, ఒంటె బొమ్మలు కొనుక్కుని తిరిగొచ్చారు. వాళ్లు లేనప్పుడు ఉమ్ సలీబా దుప్పట్లు ఉతికింది. ట్యాంకు ఖాళీ కాబట్టి మా ఇంటి నీళ్లతో.

తిరిగొచ్చిన మర్నాడు పక్క ఊళ్లో ఎవరో పెద్దాయన పోతే పలకరింపుకి వెళ్లాం, ఉమ్ సలీబా, నేను, ఇంకొందరం. సాయంత్రం వచ్చి చూస్తే పెరడంతా దుమ్ము. తాబూన్ ఉన్నచోట మట్టి పెళ్లల గుట్ట. ఆ పక్కన అద్దం తలుపుల కొత్త గ్యాసు పొయ్యి, దానికి ఎర్ర రిబ్బను. చేతిలో సమ్మెట పట్టుకుని, చెమటలు కక్కుతూ, నవ్వుతూ లాయిడ్. పక్కన ఫోన్ ఎత్తి పట్టుకుని వెర్నా. ఉమ్ సలీబా మొహంలో సంతోషం ఫొటో తీయాలని. వాళ్ల వెనక అబూనా, ఎక్కడికి పారిపోవాలో తెలియని మొహంతో.

"ఆ పొగ మీ ఊపిరితిత్తులకు మంచిది కాదు!" అన్నాడు లాయిడ్. "ఇక మీదట ఒక్క మీట తిప్పితే చాలు!"

ఉమ్ సలీబా గుట్ట దగ్గరికి వెళ్లింది. ఒక పెళ్ల చేతిలోకి తీసుకుంది. లోపలి వైపు నల్లగా, నున్నగా మెరుస్తోంది. కాసేపు దాన్ని బొటనవేలితో రుద్దింది. అప్పుడు నోరు విప్పింది.

"నీ ఇల్లు కూల! నీ ఇల్లు కూలిపోనూ!"

"ఏమంటున్నారు?" అన్నాడు లాయిడ్ ఆత్రంగా.

"మీ ఇంటి గురించి అడుగుతున్నారు," అన్నాను.

వెర్నా మురిసిపోయి ఫోన్లో వాళ్ల ఇంటి ఫొటో వెతికి తీసి ఆవిడ ముందు పెట్టింది. తెల్ల చెక్క ఇల్లు, ముందు గడ్డి. ఉమ్ సలీబా దాన్ని శ్రద్ధగా చూసింది.

"చెక్కదా? అయితే సమ్మెట కూడా అక్కర్లేదు. ఒక్క తన్ను చాలు."

ఈలోగా మామూలు వేళకి సందులో ఆడవాళ్లు పిండి పళ్లేలతో ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఉమ్ జిర్యీస్, ఆవిడ తోడికోడలు, ఎదురింటి నిజ్మె. పళ్లేలు నెత్తిన అలాగే ఉన్నాయి. పొంగిన పిండి గుడ్డల కింద నుంచి తొంగి చూస్తోంది. వెర్నా ఆ పళ్లేల్ని చూసింది, మట్టి గుట్టని చూసింది. ఫోన్ మెల్లగా దించేసింది.

"ఇది... అందరిదీనా?" అంది నాతో.

"అందరిదీ."

"మరి మాకెవరూ చెప్పలేదేం?"

నేను చేరవేశాను. ఉమ్ సలీబా ఆవిడ వైపు తిరిగింది. "అడిగితే కదా తల్లీ చెప్పడానికి! పాట పాడావు, విన్నాం. చేతులు కడగమన్నావు, కడిగాం. ఒక్క మాట అడిగావా?"

ఇది మాత్రం అక్షరం పోకుండా చెప్పాను. వెర్నా మెట్టు మీద కూలబడింది.

అబూనా ఉమ్ సలీబాని పక్కకి లాగాడు. "నెమ్మదమ్మా, నీకు దణ్ణం పెడతా. చర్చి కప్పుకి డబ్బు ఇస్తామన్నారు. వాళ్ల మనసు కష్టపెడితే రేకులు రావు."

"కప్పు లేకపోతే నువ్వు తడుస్తావు. పొయ్యి లేకపోతే సందంతా పస్తుంటుంది. పైగా పడగొడుతుంటే పక్కన నిలబడి దీవించావా అబూనా?"

"నేను వచ్చేసరికే సగం పోయింది..."

"మిగతా సగం నువ్వే చూశావన్నమాట."

ఆ రాత్రి అందరూ బేకరీ రొట్టెలు తిన్నారు. ఉమ్ సలీబా అతిథుల కంచాల్లోనూ అవే వేసింది. కోడీ లేదు, నిమ్మకాయా లేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ల గది తలుపు బాదింది.

"నుహా, చెప్పు వీళ్లకి. వచ్చింది సేవకే కదా? పాత చెప్పులు వేసుకుని దిగమను."

సలీబా స్నేహితుడి పికప్‌లో లోయలోంచి పసుపు మట్టి తెప్పించింది. గడ్డి తరిగి కలిపింది, నీళ్లు పోసింది. లాయిడ్‌ని నిక్కరు వేయించి, తొక్కడానికి అందులో దింపింది. ఎండ మొహం ఎరగని తెల్లటి కాళ్లు. కబురు ఊరంతా పాకింది. మగవాళ్లు కుర్చీలు తెచ్చుకుని గోడ పక్కన కూర్చున్నారు. ఎవరో కాఫీ పట్టుకొచ్చారు. "బీమా ఉందా దొరా?" అని ఒకడు అరిచాడు. లాయిడ్ జారి కూర్చున్నప్పుడల్లా చప్పట్లు. పాపం, ఆయనా నవ్వడానికి ప్రయత్నించాడు. మధ్యాహ్నానికి మోకాళ్లు పట్టేసి, గోడ పట్టుకుంటే తప్ప నడవలేకపోయాడు.

వెర్నా మాత్రం వేరే మనిషైపోయింది. ఉంగరాలు తీసి జేబులో వేసుకుని, ఉమ్ సలీబా పక్కన గొంతుక్కూర్చుని, ఆవిడ చేతులు చూస్తూ మట్టి వరస పేర్చింది. ఒక వరస ఆరితేగానీ దాని మీద ఇంకోటి పెట్టకూడదు. తొందరపడి చెయ్యి వేయబోతే ఉమ్ సలీబా ఆవిడ మణికట్టు మీద ఒక్కటి వేసేది. వెర్నా చెయ్యి వెనక్కి తీసుకుని ఎదురుచూసేది. ఇద్దరి మధ్యా నా అవసరం తగ్గిపోయింది. లాయిడ్‌కి కూడా ఒక పక్క అప్పగించారు. ఆయన తన పక్కని పలచగా, వంకరగా పేర్చాడు. ఉమ్ సలీబా చూసి, "ఉండనీ. మళ్లీ చేయిస్తే చచ్చి మన మీద పడతాడు," అంది.

ఆదివారం వాళ్ల ప్రయాణం. ప్రార్థన అయ్యాక లాయిడ్‌ని రెండు మాటలు మాట్లాడమన్నారు. కుంటుకుంటూ ముందుకొచ్చి, కళ్లు మూసుకుని, "ఈ వారం ప్రభువు మా బలహీనమైన చేతులతో ఈ గ్రామానికొక పొయ్యి కట్టించాడు," అన్నాడు. అబూనా దాన్ని ఇంకా తియ్యగా అరబ్బీలోకి దించాడు.

ఆడవాళ్ల వరసలోంచి ఉమ్ సలీబా గొంతు. "అబూనా! పాతది ఎవరి చేతులతో కూల్పించాడో కూడా చెప్పమను. ప్రభువు మీద నింద ఎందుకు?"

చర్చి పగిలిపోయేలా నవ్వులు. వెర్నా నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమంది? ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పకండి. నిజంగా ఏమంది?"

అంటే ఆవిడకి అన్నీ తెలుసన్నమాట. ఉన్నదున్నట్టు చెప్పాను. వెర్నా లేచి నిలబడింది.

"లాయిడ్, ఆ సంగతి కూడా చెప్పు."

"తర్వాత..."

"ఇప్పుడే."

లాయిడ్ చెవులు ఎర్రబడ్డాయి. "పాతది... కూల్చింది నేనే. అడగకుండా," అన్నాడు నేల చూస్తూ. అబూనా దగ్గాడు. అనువాదం చేయలేదు. చేయనక్కర్లేకపోయింది.

కారెక్కేముందు వెర్నా, ఉమ్ సలీబా ఒకరి బుగ్గలు ఒకరు ముద్దు పెట్టుకున్నారు. లాయిడ్ చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిలో వేడి బేకరీ రొట్టెల సంచీ పెట్టి, "దారిలో తిను. ఇంట్లో చేసినవి పెడదామనుకున్నా, కుదర్లేదు," అంది. నేను అన్నీ చేరవేశాను.

తాబూన్ ఆరడానికి ఆ ఎండాకాలం చాలా వరకు పట్టింది. అన్నాళ్లూ సందంతా గ్యాసు పొయ్యిలోనే రొట్టెలు కాల్చుకున్నాం. "కేకులకి పర్లేదు," అని ఉమ్ సలీబా ఒకసారి ఒప్పుకుంది కూడా. గోధుమ కోతలయ్యాక కొత్త తాబూన్ వెలిగించింది, గ్యాసుది అబూనా ఇంటికి పంపేసింది. చర్చికి రేకులూ వచ్చాయి. వెర్నా పంపించిందట.

కొత్త పొయ్యి బాగానే కాలుస్తుంది. లాయిడ్ పేర్చిన వైపు మాత్రం గోడ పలచన. అక్కడ పెట్టిన రొట్టె చూస్తుండగానే మాడిపోతుంది. ఆడవాళ్లు దానికి దొర పక్క అని పేరు పెట్టారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి అదే గతి. నిన్న నేను బడి నుంచి వచ్చేసరికి మంచి చోట్లన్నీ నిండిపోయాయి.

"రా నుహా, రా," అంది ఉమ్ సలీబా బూడిద లాగుతూ. "నీ దొర పక్క ఖాళీగానే ఉంది."