కళ్ళకద్దుకునే కర్ర

మ్యూజియంలో నేల తుడిచే ముసలామె అన్ని అద్దాలనూ గుడ్డతో తుడుస్తుంది, ఒక్కదాన్ని మాత్రం ఒట్టి అరచేత్తో తుడుస్తుంది. దాని వెనకాల ఉన్నది వాళ్ళమ్మ అడవిలో దుంపలు తవ్విన కర్ర. వేటాడి, ఏరుకు తిని బతికే వాళ్ళ గుంపు దగ్గరికి ఈ మ్యూజియం పెద్దసారే వచ్చి, "చూసి ఇచ్చేస్తానమ్మా" అని పట్టుకుపోయాడు. దానికోసమే ఆమె ఇక్కడ పనికి చేరింది. మొదట్లో బతిమాలింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత పళ్ళు బిగించి అడగడమే మానేసింది. ఆమె నడిస్తే చప్పుడుండదు, మడమ నేలకు తాకదు. వేట వెంట తిరిగినవాళ్ళ నడక అది. కాచుకుని కూర్చోవడం కూడా ఆ వేటలో నేర్చిందే.

పోయిన నెల సారు ఒక వంకర కర్ర తెచ్చి, "ఇది కూడా మీవాళ్ళదే. దేనికమ్మా?" అన్నాడు. ఆమె చూడగానే పోల్చుకుంది. దారిలో జంతువు పెంట కనిపిస్తే, అది వెళ్ళి ఎంతసేపైందో తెలుసుకోవడానికి కెలికి చూసే కర్ర.

"మా దొర పట్టుకునే కర్ర సార్. తాకితే కళ్ళకద్దుకోవాలి" అంది. మొహంలో ఒక్క ముడతా కదల్లేదు. ఆ గుంపులో దొర అంటూ ఎవడూ ఉండడని, వాళ్ళమీద మూడు పుస్తకాలు రాసిన సారుకి ఇప్పటికీ తెలియదు.

ఇవాళ అతిథులొచ్చారు. సారు ఆ వంకర కర్రను రెండు చేతులా ఎత్తి, భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూలన నిలబడ్డ ముసలామె చప్పుడు లేకుండా దగ్గరికొచ్చి, వినయంగా చెప్పింది:

"మర్చిపోయాను సార్. ముద్దు కూడా పెట్టుకోవాలి."