ఓరిన్ ఇచ్చిన కొలత

ఆ కొలత తప్పని తెలిసే ఇచ్చాడా ఓరిన్? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఒక రోజు అవుననిపిస్తుంది. మర్నాడు, ఛ, కాదులే అనిపిస్తుంది.

ఓరిన్ నా భార్య ట్వైలాకి అన్న. డుబోయిస్ అనే కొండ ఊళ్ళో గుర్రాలకు నాడాలు కొట్టి బతికేవాడు. కానీ కొండపొట్టేళ్ళ వేట అంటే ఊరంతా అతని గడప తొక్కాల్సిందే. తుపాకి పట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, చూసేవాడే దొరకడు. ఓరిన్ చూసేవాడు. కొండ ఏటవాలు మీద గోనె పరుచుకుని, మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణి నిలబెట్టి, కన్ను ఆనించాడంటే మధ్యాహ్నం దాకా కదిలేవాడు కాదు. ముసలి పొట్టేలునే కొట్టాలన్నది మా దగ్గర మర్యాద. కొమ్ము మీద ఏడాదికో గీత పడుతుంది. ఎదుటి కొండ మీదున్న ఆ గీతల్ని లెక్కపెట్టడం అతని కంటికే సాధ్యం. "పదేళ్ళది, నడవండి" అంటే నడిచేవాళ్ళం. "చిన్నది" అంటే కూర్చునేవాళ్ళం. ఆ దుర్భిణిలో అతను ఏం చూశాడో మాకెవరికీ తెలిసేది కాదు, అతను చెప్పిందే తెలిసేది.

అలాంటి మనిషికి సొంతంగా పొట్టేలుని కొట్టేందుకు సర్కారిచ్చే పర్మిట్ ఏనాడూ రాలేదు. ఏటా లాటరీలో పేరు వేసేవాడు, ఏటా పోయేది. ట్వైలా ఒక్కసారి, సరదాకి, పేరు వేసింది. వచ్చింది. అది మనిషికి జన్మలో ఒక్కసారే వచ్చేది.

చెప్పడానికి వెళ్ళేసరికి ఓరిన్ గుర్రం డెక్క ఒళ్ళో పెట్టుకుని ఆకురాయితో రాస్తున్నాడు.

"అన్నయ్యా, నాకొచ్చింది."

"ఏంటి, జలుబా?"

"పొట్టేలు పర్మిట్."

ఆకురాయి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. "మంచిదే. కొందరికి అడక్కుండానే వస్తాయి. చిన్నప్పుడు ఆ గోధుమరంగు గుర్రప్పిల్ల కూడా నీకే వచ్చింది."

దారిలో ట్వైలా నవ్వింది గానీ ఇంటికొచ్చాక అంది, "ఈసారి అన్నయ్య చెప్పింది విని ఊరుకోను. నేనూ చూడాలి." దుర్భిణికి ఫోను తగిలించే అడాప్టర్ కొనాలని అప్పుడే అనుకుంది.

దుకాణంలో రోవీనా అనే పెద్దావిడ బల్ల మీద రెండు పెట్టింది. ఒకటి మరలు బిగించేది, ఏ ఫోనైనా పడుతుంది. కానీ ప్రతిసారీ ఫోను కన్నూ దుర్భిణి కన్నూ కలిపి సరిచూసుకోవాలి. రెండోది ఫోనుకి తొడిగే డిప్ప. దుర్భిణి కంటిగొట్టానికి ఒక రింగు బిగిస్తే, డిప్పలోని అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది.

"చేతి తొడుగులేసుకుని మరలు తిప్పుతూ కూర్చుంటే, పొట్టేలు మీకు తన మనవల్ని కూడా చూపించి పోతుందమ్మా," అంది రోవీనా. "రెండోదే తీసుకో. కాకపోతే కంటిగొట్టం కొలత కచ్చితంగా ఉండాలి."

ట్వైలా అక్కణ్ణించే ఓరిన్‌కి ఫోను చేసింది. కొలిచి చెప్పాడు. ఆ కొలతకే రింగు తెచ్చుకున్నాం.

చలికి కంటిగొట్టం ముఖానికి అతుక్కుపోకుండా మావాళ్ళు దానికి పాత సైకిలు ట్యూబు ముక్క తొడుగుతారు. ఓరిన్ ఆ ట్యూబు మీదనుంచే కొలిచాడు. కొండెక్కాక గానీ మాకది తెలియలేదు. ట్యూబు మీద బిగిస్తే రబ్బరు లొంగిపోయి ఫోను వాలిపోయేది, తెర సగం నలుపు. ట్యూబు తీస్తే రింగు గాజులా తిరిగేది. ఏళ్ళ తరబడి తొడిగి ఉన్న ట్యూబు ఉన్నట్టే అతనికి గుర్తుండదు, నిజమే. కానీ డెక్కని కళ్ళతో చూసి నాడా సరిపోతుందో లేదో చెప్పే మనిషి అతను.

"ఏం బావా, మీ ఆవిడ ఫోనుకి కళ్ళజోడు జారిపోతోందే!" అన్నాడు నాతో, బీన్స్ గిన్నె అందుకుంటూ. అతను హుషారుగా కనిపించింది ఆ ఒక్క పూటే.

తర్వాత కనబడ్డ ప్రతి పొట్టేలూ "చిన్నదే." పర్మిట్ గడువు ముగియబోతోంది. ఒక పొద్దున లోయకి అవతల, బండ కింద ఒకటి పడుకుని ఉంది.

"ఆరేళ్ళుంటాయి. వదిలెయ్," అన్నాడు ఓరిన్.

ట్వైలా మందుల సంచీలోంచి కట్టుగుడ్డ తీసింది, కంటిగొట్టం మీది ట్యూబు లాగేసింది.

"అదెందుకు విప్పుతున్నావ్?"

"చలేస్తే నా టోపీ ఇస్తాలే."

గుడ్డ చుట్టి రింగు తొడిగింది. బిగిసింది. ఫోను టక్కుమంది. పొట్టేలు తల ఇటు తిప్పగానే ఫొటో తీసి, పెద్దది చేసి, వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టి అన్న చేతికిచ్చింది.

"నువ్వు చెప్పు."

ఓరిన్ ఫోను దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. పెదవులు కదిలాయి. "పది," అన్నాడు చివరికి. "ఎండ కొట్టింది కొమ్ము మీద. పొద్దుట్నుంచీ కళ్ళమ్మట నీళ్ళు."

"నిన్నటిది కూడా ఎండేనా అన్నయ్యా?"

అతను ఫోను తిరిగిచ్చేశాడు. ఎక్కడో రాయి దొర్లింది.

చూసేవాడు వెనకే ఉండి సైగ చెయ్యాలి, అది మా పద్ధతి. లోయలో దిగినవాళ్ళకి పొట్టేలు కనపడదు. తెల్లగుడ్డ పైకెత్తితే అక్కడే ఉన్నట్టు, పక్కకి ఊపితే అటు కదిలినట్టు. ట్వైలా సంచీలోంచి తెల్లగుడ్డ తీసి అన్నకి అందించింది. తీసుకుంటూ అన్నాడు, "ఆ గుర్రప్పిల్లని ఒక్కసారి ఎక్కనిచ్చావా నన్ను?"

లోయ అడుగుకి చేరి వెనక్కి చూశాం. గుడ్డ ఎడమకి ఊగుతోంది. కుడివైపు మెత్తటి గడ్డిదారి. ఎడమన అడుగేస్తే జారే రాళ్ళగుట్ట, చప్పుడైతే అంతే సంగతి. తప్పు వైపు ఎక్కితే మళ్ళీ ఎక్కే పొద్దుండదు.

"నమ్మమంటావా?" అంది ట్వైలా.

"నీ అన్నే కదా."

"అందుకే అడుగుతున్నా."

గుడ్డ ఇంకా ఎడమకే ఊగుతోంది, చెయ్యి నొప్పెట్టేలా. ట్వైలా బూట్ల కింద రాళ్ళు చప్పుడవకుండా ఒక్కొక్క అడుగే పెట్టుకుంటూ ఎడమకి ఎక్కింది. నేను కిందే ఉండిపోయాను. చాలాసేపటికి తుపాకి ఒక్కసారి పేలింది. వెళ్ళి చూస్తే పొట్టేలు ఎడమనే పడి ఉంది, కొమ్ము మీద గీతలు పదీ ఉన్నాయి.

మాంసం మొయ్యడానికి గుర్రాల కోసం ఓరిన్ ఉన్న చోటికి పైకొచ్చాం. అతని దుర్భిణి స్టాండు మీదే వదిలేసి ఉంది, రింగు దానికే ఉంది. పక్కన రాయి కింద తెల్లగుడ్డ, మడతపెట్టి. మా కోసం రెండు గుర్రాలు కట్టేసి ఉన్నాయి, మూడోది లేదు.

కింద దారి మలుపులో ఓరిన్ వీపు కనిపించింది. "అన్నయ్యా!" అని కేకేసింది ట్వైలా. వినపడే దూరమే. గుర్రం చెవులు వెనక్కి తిరిగాయి. అతను తిరగలేదు.