తొడ మీద తాళం

మా నాన్న విజయనగరంలో జీవితమంతా వయొలిన్ పాఠాలు చెప్పారు. కిందటేడాది ఆయనకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. మామూలు మందులకు నొప్పి లొంగక, మార్ఫిన్ ఇవ్వడానికి అనుమతి ఉన్న ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాను.

డాక్టరుగారి ముందు నాన్న కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు.

"హాయిగా తాళం వేసుకుంటన్నారు కదమ్మా, అంత నొప్పేటి? ఆ మాత్రలకి సవాలక్ష రూల్సున్నాయి. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది నేను. పైగా అలవాటైపోతాది" అన్నారాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న పంచె పక్కకు లాగాను. తొడంతా కమిలి నల్లబడిపోయి ఉంది.

"ఇది సంగీతం కాదండీ! నలుగురిలో అరవకూడదని పంతం. నొప్పి వచ్చినప్పుడల్లా ఇలాగే బాదుకుంటన్నారు. అలవాటు పడిపోడానికి ఈయనకి ఇంకెన్నాళ్లున్నాయి, మీరే సెప్పండి!" అని అరిచాను. వరండాలో జనమంతా తలుపు దగ్గర మూగారు.

డాక్టరు చీటీ తీసి మార్ఫిన్ రాశారు. అప్పుడు ఏ రూలూ అడ్డం రాలేదు.

నాన్న ఇప్పుడు లేరు. నా కోపం మాత్రం చల్లారలేదు. నొప్పిని నమ్మించడానికి పెద్దమనిషి పంచె తొలగించి చూపించాలని ఏ చట్టంలో రాసుంది?